మూలపాడు మేకల బాబాయికి, ఆ ఇద్దరు తమ్ముళ్ళకి

మొన్న ఆదివారం కొండపల్లి అడవిలో మా బావ కాలు మడతపడితే మోసుకొచ్చి రోడ్డెక్కించిన వాళ్ళ కోసం రాస్తున్నాను. వాళ్ళెవరూ ఫేస్‌బుక్‌లో లేరు. మూలపాడు, ఇబ్రహీంపట్నం వైపు వాళ్ళెవరైనా చూస్తే కాస్త చదివి వినిపించండి.

కొండపల్లి అనగానే మన బెజవాడ వాళ్ళకి గుర్తొచ్చేది ఖిల్లా, బొమ్మలు. ఖిల్లాకి ఘాట్ రోడ్డుంది, బండేసుకుని పైదాకా పోవచ్చు. చుట్టూ ఉన్న కొండలు ఎవరికీ పట్టవు. నాకు అవే ఇష్టం. అది రిజర్వు ఫారెస్టు కాబట్టి సీతాకోకచిలుకల పార్కు దగ్గర ఫారెస్టు వాళ్ళకి చెప్పే వెళ్ళాం. చీకటి పడకముందే దిగమని చెప్పి, ఏ వాగు పట్టుకుని ఎక్కాలో చూపించిన వాచర్ గారికి మొదటి దండం.

ఎక్కడం బాగానే ఎక్కాం. పైనుంచి ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు థర్మల్ ప్లాంటు పొగ గొట్టాలు. దిగేటప్పుడు గులకరాళ్ళ మీద బావ కాలు జారి మడమ దగ్గర వాచిపోయింది. సిగ్నల్ లేదు. మనిషి చూస్తే ఎనభై కిలోలు.

మేకల గంటలు విని కేకేస్తే ఒక పెద్దాయన వచ్చారు. వెనకే ఇద్దరు కుర్రాళ్ళు. బాబాయి కాలు పట్టి చూసి, "నడిపించకండమ్మా, మోసుకుపోదాం" అన్నారు. ఆకు దూయడానికి తెచ్చుకున్న దోటీల కొడవళ్ళు విప్పేశారు. రెండు గెడలూ కలిపి తాడుతో బిగించి, భుజం మీది దుప్పటి తీసి ఉయ్యాలలా కట్టారు. మేం నోరు తెరుచుకుని చూస్తుండగానే డోలీ తయారైపోయింది.

మేం ఎక్కిన దారిన దింపుతారనుకున్నాను. బాబాయి అటు రానివ్వలేదు. "అది మేకల దారి, మేత దొరికిన చోట ఆగిపోద్ది, నిట్రంగా ఉంటది. గొడ్ల దారిన పోదాం. చుట్టే గానీ, గొడ్డు నీళ్ళకి పోయే దారి కదా, ఏటవాలుగా దిగుద్ది" అన్నారు. నిజమే, ఎక్కడా మనిషిని దించి ఎత్తాల్సిన పని పడలేదు. ఫోన్లో మ్యాపు చూస్తే ఆ కొండ మొత్తం ఒకటే పచ్చ మరక. ఇన్నేళ్ళుగా కొండలెక్కుతున్నా దారిని ఇలా చూడాలని నాకెవరూ చెప్పలేదు.

మధ్యలో భుజాలు మార్చుకోవడానికి ఆగినప్పుడు ఒక తమ్ముడు తెల్ల పొణికి చెట్టు చూపించాడు. బొమ్మలు చేసే కర్ర దీనిదే. ఆకు రాలిపోయి, బెరడు బూడిద రంగులో నున్నగా మెరుస్తోంది. కింద పడ్డ కాయ ఒకటి తీసి పైకి విసిరాడు. దానికి రెండు పొడుగాటి రెక్కలు. గిరగిరా తిరుగుతూ దిగి బావ పొట్ట మీద వాలింది. అప్పటిదాకా మూలుగుతున్న మనిషి నవ్వాడు. వాడికి డాక్టరు కన్నా ముందు మందేసింది ఈ కుర్రాడే.

సిగ్నల్ దొరకగానే 108కి చేశాం. హైవే మీదికి వచ్చారు. ఆ డ్రైవరు గారికి, ఎక్స్‌రే అయ్యేదాకా వీల్‌చెయిర్ పట్టుకుని మాతోనే ఉన్న వార్డు అన్నకి కూడా థ్యాంక్స్. ఎముక విరగలేదు, కట్టు కట్టారు. ఇప్పుడు మంచం మీద కూర్చుని అక్కని కాఫీల మీద కాఫీలు అడుగుతున్నాడు.

డబ్బులివ్వబోతే బాబాయి కసిరారు. అక్క బతిమాలితే, "మళ్ళీ ఇటొస్తే మేకలకి కాసింత కళ్ళుప్పు తెచ్చిపెట్టండి" అన్నారు.

బాబాయ్, వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తున్నాం. ఉప్పు బస్తా కొన్నాం. దుప్పటి ఉతికి ఆరేశాం.