ట్రైపాడ్ ఇచ్చిన ఆవిడకు కృతజ్ఞతలు

మొన్న సముద్రపు ఒడ్డున సూర్యాస్తమయం తీస్తుండగా కెమెరా నిలబెట్టే నా మూడు కాళ్ళ స్టాండ్, అదే ట్రైపాడ్, కాలు విరిగింది. పొద్దు వాలిపోతోంది. పక్కన ఫొటోలు తీసుకుంటున్న ఒకావిడ తన కెమెరా విప్పేసి, ట్రైపాడ్ తెచ్చి నా ముందు పెట్టారు. "నాకు కావలసినవి వచ్చేశాయిలెండి" అన్నారు. ఉత్తమాట, ఆవిడ అప్పుడే వచ్చారు! వెనక్కి వెళ్ళే అల ట్రైపాడ్ కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది కదా, అందుకని ఆ కాళ్ళను తడి ఇసుకలోకి గట్టిగా నొక్కి మరీ ఇచ్చారు. లెన్స్ మీద ఉప్పు తుంపర తుడుచుకోమని గుడ్డ కూడా.

తర్వాత నా ఫొటో చూసి మొహమాటపడకుండా చెప్పారు: "నీళ్ళ మీద వెలుగు చార బాగుంది. సూర్యుడి చుట్టూ మాత్రం తెల్లగా మాడిపోయింది. ఎక్స్‌పోజర్, అదే ఫొటోలో పడే వెలుగు మోతాదు, ఆకాశానికి తగ్గట్టు పెట్టండి, ఇసుక నల్లబడినా ఫర్వాలేదు." సర్దుకోబోతుంటే ఆపారు. "అసలు రంగులు సూర్యుడు దిగాకే." నిజమే, కాసేపటికి కింది నుంచి వెలుగు తగిలి మబ్బుల అడుగులు ఎర్రబడ్డాయి. ఊరికే పొగిడి వెళ్ళిపోవచ్చు. ఆవిడ చీకటి పడేదాకా నాతో నిలబడ్డారు.

మేడమ్, ఇది మీ కంటబడితే, ఆ మబ్బుల ఫొటోనే ప్రింట్ చేయించాను. మీ గుడ్డ నా దగ్గరే ఉండిపోయింది. చాలా థాంక్సండీ.