అబ్బాయికి, కంప్యూటర్ విషయమై

చిరంజీవి చిన్నబాబుని ఆశీర్వదించి అమ్మ రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. తలుస్తాను అనే రాయాలి మరి, నువ్వేమీ చెప్పట్లేదు కదా.

కాగితం మీద రాస్తున్నానేంటని నవ్వకు. కంప్యూటర్లో కొట్టి మెయిలు పెడదామనే కూర్చున్నాను. సగం అయ్యాక చంటిగాడు వెనకనుంచి చూసి, "దొడ్డమ్మా, ఇది పంపితే అన్నయ్య మెయిల్లోంచి అన్నయ్యకే వెళ్తుంది" అన్నాడు. నీకు నువ్వే ఉత్తరం రాసుకున్నట్టన్నమాట. అందుకని అక్కడే ఆపేసి పాత డైరీలో కాగితాలు చింపాను. వాడు ఎల్లుండి హైదరాబాద్ వస్తున్నాడు, సున్నుండల డబ్బాతో పాటు ఇదీ ఇస్తాడు.

రాసేది ముఖ్యంగా కంప్యూటర్ గురించే, ఇంకేమీ లేదు. వినాయక చవితికి వచ్చినప్పుడు నేను పాస్‌వర్డ్ మాటిమాటికీ మర్చిపోతున్నానని, ఆన్ చేయగానే దానంతటదే తెరుచుకునేటట్టు పెట్టావు గుర్తుందా. నువ్వు చేసిందంతా పాల లెక్క పుస్తకం వెనక రాసుకున్నాను. విండోస్ బొమ్మ ఉన్న మీట, ఆర్ కలిపి నొక్కి నెట్‌పీఎల్‌విజ్ అని కొట్టావు. టిక్కు పెట్టే గడి కనపడలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి హలో అనేదేదో ఆపేస్తే అప్పుడు కనపడింది. టిక్కు తీసేశాక పాస్‌వర్డ్ రెండుసార్లు అడిగింది, నేను పిన్ను చెప్పబోతే "పిన్ను కాదమ్మా, అసలు పాస్‌వర్డే" అని కసిరావు. అదీ రాసుకున్నాను, కసిరావని కాదు, పిన్ను కాదని.

అబద్ధమెందుకు, సుఖంగానే ఉంది. రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదైంది, వచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చుంటే డ్వాక్రా లెక్కలు ఎప్పటికి తెమిలేను. కాకపోతే మనింట్లో కంప్యూటర్ అంటే వీధరుగు. చంటిగాడు ప్రాజెక్టు అంటూ వస్తాడు, పెదబాబు అడంగల్ ప్రింటు తీసుకోవడానికి వస్తాడు, బుల్లెమ్మ మనవడు కార్ల ఆటకి వస్తాడు. అందరికీ ఒకటే గుమ్మం, ఆ గుమ్మం నీ పేరు మీద ఉంది.

పోయిన గురువారం బుల్లెమ్మ మనవడు ఆడుకుంటుంటే, కింద మూలన చిన్న చీటీలాంటిది పైకి లేచింది. నేను పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. వాడు మూడో తరగతి, ఏ అక్షరం కనపడినా చదివేస్తాడు. "రి... లీ... వింగ్... లెటర్" అని గట్టిగా కూడబలుక్కుని చదివాడు. నేను లేచేలోపు చీటీ పోయింది. నేను నొక్కలేదు, తెరవలేదు, మామ్మ మీద ఒట్టు. మీ నాన్న పక్కగదిలో పేపరు చదువుతున్నారు. విన్నారో లేదో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం అన్నంలో మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

చంటిగాణ్ణి ఊరికే, మాటవరసకి అడిగాను, రిలీవింగ్ అంటే ఏంట్రా అని. ఉద్యోగం మానేస్తే కంపెనీ ఇచ్చే కాగితం అన్నాడు. మంచి కంపెనీకి మారినా ఇస్తారట. అదే అయ్యుంటుంది. నేనేమీ అడగట్లేదు.

మొంథా తుఫాను తీరం దాటిన అక్టోబరు 28 రాత్రి ఫోన్ చేశావు, రెండు నిమిషాలు. కార్తీక మాసం కూడా వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఏం పెట్టినా బొటనవేలు బొమ్మ ఒకటి పంపుతున్నావు. అన్నం తిన్నావా అంటే బొటనవేలు, జ్వరం తగ్గిందా అంటే బొటనవేలు. ఆ బొమ్మ చూస్తే నాకు నిశానీ వేసినట్టు ఉంటుంది. చదువుకున్నవాడివి, నాలుగు అక్షరాలు కొట్టలేవా.

కంప్యూటర్ సంగతి చెప్తూ ఎటో వెళ్లిపోయాను. మామ్మ భోషాణం నీకు గుర్తుండే ఉంటుంది, దాని మీదెక్కి దూకి పన్ను విరగ్గొట్టుకున్నావు. 1996 నవంబరు తుఫానుకి వెనకవీధి పాకలన్నీ ఎగిరిపోయి జనమంతా మన డాబాలోకి వస్తే, గదికి తాళం ఉండి, తాళంచెవి దొరక్క మీ నాన్న గునపంతో పగలగొట్టారు. అప్పట్నుంచి మామ్మ ఇంట్లో ఏ గదికీ తాళం వేయలేదు. భోషాణం చెవి మాత్రం కొంగునుంచి విప్పలేదు, నాకు కూడా ఇవ్వలేదు. కోడలిగా నాకది ఎంత కష్టంగా ఉండేదో. నగలుంటాయనుకున్నాను. ఆవిడ పోయాక తెరిస్తే రెండు వెండి గ్లాసులు, శిస్తు రసీదులు, మీ నాన్న మస్కట్ నుంచి రాసిన ఉత్తరాల కట్ట.

2002లో మీ నాన్నకి అక్కడ పని పోయింది. కంపెనీ మూసేశారు. నాలుగు నెలలు నాకు చెప్పలేదు, రూములో వాళ్ల దగ్గర అప్పు చేసి మరీ రెండు నెలలు డబ్బు పంపారు. నాకేమీ తెలియదు, ఆ డబ్బుతో నీకు స్కూలు డ్రెస్సు కుట్టించాను. మామ్మకి తెలుసు. ఎలాగంటావా, ఎప్పుడూ ఉత్తరంలో "నేను బాగున్నాను" అని ఒక్కసారి రాసే మనిషి అప్పుడొచ్చిన ఒక ఉత్తరంలో మూడుసార్లు రాశారు. మామ్మకి చదువు అంతంతమాత్రం, ఆ మూడు చోట్లా గోటితో గీతలు గీసింది, ఇప్పటికీ కనపడతాయి. నన్ను పిలిచి చూపించలేదు. భోషాణంలో పెట్టి తాళం వేసింది. మర్నాడు నా చేతే జవాబు రాయించింది. "ఈసారి కొబ్బరికాయ ధర బాగుంది, దింపుకి వెయ్యి కాయలు ఎక్కువొచ్చాయి, నువ్వు రెండు నెలలు డబ్బు పంపకపోయినా ఇబ్బంది లేదు" అని. ఆ నెల కాయ కొనే నాథుడు లేడు, అంబాజీపేట నుంచి బండి వెనక్కొచ్చింది. ఇదేంటత్తయ్యా అబద్ధం రాయిస్తారు అంటే, "నీకెందుకు, రాయి" అంది. మీ నాన్న ఇంటికొచ్చాక కూడా ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు. పోయేదాకా ఆ సంగతి ఇద్దరి మధ్యా అలాగే ఉంది. నాకు మటుకు ఆవిడంత ఓపిక లేదు, ముందే చెప్తున్నాను.

సరే, అసలు పనికొస్తాను. చంటిగాడు చెప్పినవి కొన్ని రాస్తున్నాను, నీకు తెలిసినవే అయినా చదువు. ఇలా తాళం తీసేసినప్పుడు పాస్‌వర్డ్ పోదట, మిషన్లోనే దాక్కుని ఉంటుందట. కొందరు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, డిఫాల్ట్‌పాస్‌వర్డ్ అని చేత్తో పెడతారు, అదైతే మామూలు అక్షరాల్లోనే కనపడుతుందట. నీది అలా కాదులే అన్నాడు, కానీ తెలిసినవాడు కూర్చుంటే బయటికి లాగుతాడట. అదే పాస్‌వర్డ్ నీ మైక్రోసాఫ్ట్ ఖాతాకి కూడా. పైగా మన దాంట్లో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత ఇంటికి తలుపు కూడా తీసేసినట్టుంది మన పని. కాబట్టి నాకు వేరే ఖాతా పెట్టు, పెత్తనం లేనిది, దానికి తాళం అక్కర్లేదు, వీధరుగులా ఎవరైనా కూర్చోవచ్చు. నీ ఖాతాకి మాత్రం పాస్‌వర్డ్ మళ్లీ పెట్టేసుకో, క్రోమ్‌లోంచి నీ మెయిలు తీసేయి. చంటిగాడు నేను చేస్తానన్నాడు, వద్దన్నాను. నీ మెయిలు వాడెందుకు చూడాలి. నువ్వే వచ్చి చెయ్యి. ఫోన్లో చెప్తే నాకు ఎక్కదు. నువ్వొచ్చేదాకా దాని వైరు పీకేసి ఉంచాను, బుల్లెమ్మ మనవడు రెండ్రోజులుగా అలిగాడు.

వయసొచ్చినవాడివి, ఉద్యోగమన్నాక ఉంటుంది, పోతుంది, మారుతుంది, ఎవరికైనా అంతే, దాచుకుంటే కడుపులో పుండు తప్ప... ఇదిగో మళ్లీ మొదలెట్టాను. మీ నాన్న తిడతారు. ఆయన రాయమన్నవి రెండే, బండికి ఇన్సూరెన్స్ కట్టావా అని, రూము అద్దె ఎంతైందని. అద్దె సంగతి ఈయన ఎప్పుడూ అడగలేదు మరి.

సున్నుండలు నెయ్యి ఎక్కువేసి చేశాను, రూములో వాళ్లకి పెట్టి మిగతావి నువ్వు తిను, రాత్రిళ్లు బయట తినకు. చలి మొదలైంది, రగ్గు ఉతికించుకున్నావా. డబ్బా అడుగున కాగితం కింద కవరుంది. వచ్చేటప్పుడు యూపీఎస్‌కి బ్యాటరీ పట్రా. అదెంతుంటుందో నాకు తెలియక పదిహేను వేలు పెట్టాను.

అన్నట్టు ఈ ఏడు కాయ ధర బాగుంది. మామ్మ ధర కాదు, నిజం ధరే, కావాలంటే చంటిగాణ్ణి అడుగు.

మీ అమ్మ