మేం ఇచ్చిన 12 వోల్టుల సప్లై డబ్బాలు ఒకసారి తెచ్చివ్వండి

మా దగ్గర టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మోటారుకు 12 వోల్టుల పవర్ సప్లై చేయించుకున్న వాళ్లందరికీ ఈ మాట. ఆ డబ్బాలో మేం వేసిన పెద్ద కెపాసిటర్ (కరెంటును కాస్త నిల్వ ఉంచి ఎగుడుదిగుళ్లు సర్దే భాగం) 2200 మైక్రోఫారడ్, 25 వోల్టులది. ఆ 25 వోల్టుల హద్దు చాలదు. తప్పు మా లెక్కలోనే ఉంది.

డబ్బాలోని 15 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లోడు లేనప్పుడు 18 దాకా ఇస్తుంది. రాత్రి పొద్దుపోయాక లైను వోల్టేజి 260 తాకితే ఆ 18 కాస్తా 20 దాటుతుంది. దాని పీక్, అంటే ఏసీ అల శిఖరం, దాదాపు 29. ఏసీని డీసీ చేసే డయోడ్లలో 1.4 పోయినా కెపాసిటర్ మీద 27 వోల్టులు నిలుస్తాయి. పాట ఆపి, ప్లగ్గు తీయకుండా పడుకుంటే తెల్లవార్లూ అదే భారం. దానికి తోడు మన కర్నూలు ఎండలు! వేడి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఇలాంటి కెపాసిటర్ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది.

పాడైన కెపాసిటర్ నెత్తి చదునుగా ఉండదు, గీతల దగ్గర ఉబ్బుతుంది. అప్పుడు సరిగ్గా 12 వోల్టులు ఇచ్చే 7812 రెగ్యులేటర్‌కు కావలసిన 14 వోల్టులు నిలకడగా అందవు. స్పీకర్లో గుర్రుమనే హమ్ వస్తుంది, నాదస్వరం రికార్డులో సాగే స్వరం వణుకుతుంది. డబ్బా మీరు విప్పొద్దు, లోపల 230 వోల్టులుంటాయి. మార్చేదాకా పాట అయిపోగానే ప్లగ్గు పీకేయండి.

35 వోల్టుల, 105 డిగ్రీల కెపాసిటర్ ఉచితంగా వేసిస్తాం. రెగ్యులేటర్‌కు హీట్ సింక్ (వేడి లాగే రేకు) కూడా పెద్దది పెడుతున్నాం.

డబ్బా మారాక వేగం మళ్లీ చూసుకోవాలి. పది నిమిషాలు తిప్పి, రికార్డు పెట్టి, సూది దించే ఉంచండి. సూది రాపిడికి వేగం కొంచెం తగ్గుతుంది కాబట్టి ఖాళీ ప్లాటర్ (రికార్డు కూర్చునే పళ్లెం) మీద సరిచేస్తే లెక్క తప్పుతుంది. వేగం చూసే 50 హెర్ట్జ్ స్ట్రోబ్ డిస్కులో 33⅓ (నిమిషానికి చుట్లు) వరసకు 180 గీతలుంటాయి. అవి కదలకుండా నిలబడాలి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఈ గీతలు కనపడవు, పాత ఫిలమెంట్ బల్బో నియాన్ బల్బో కావాలి. మోటారు అడుగున రంధ్రంలోని స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, ఆగి చూడండి. 33 కుదిరాక 45 కూడా చూడండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న ఏసీ మోటారు ప్లేయర్లకు ఈ డబ్బా పనికిరాదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 110 వోల్టులు ఇస్తుందే గానీ 60 హెర్ట్జ్ ఇవ్వదు. మన లైను 50 హెర్ట్జ్ మీద 33⅓ తిరగాల్సింది సుమారు 27.8 తిరుగుతుంది, గొంతు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. దాని మోటారుకు 20 శాతం పెద్ద పుల్లీ (ప్లాటర్‌ను తిప్పే చిన్న చక్రం) గానీ, 60 హెర్ట్జ్ పుట్టించే సప్లై గానీ కావాలి.

ఆదోని, నంద్యాల, అనంతపురం వాళ్లు ఆర్టీసీ పార్సిల్లో డబ్బా ఒక్కటే పంపండి. ప్లేయర్ పంపొద్దు, దారి కుదుపులకు ప్లాటర్ ఎగిరి బేరింగ్ దెబ్బతింటుంది.