తలుపుల కింది సిల్లుల తుప్పు దాచి అమ్మిన 1967 నాటి ఎంజీబీ కారుపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. గత డిసెంబరులో మీ హైదరాబాద్ షోరూంలో 1967 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ రోడ్‌స్టర్ కొన్నాను. మీరు సంతకం చేసి ఇచ్చిన తనిఖీ పత్రంలో బాడీకి తుప్పు లేదని స్పష్టంగా ఉంది. ఆ పత్రాన్ని నమ్మే పూర్తి సొమ్ము చెల్లించాను.

హనుమకొండకు తెచ్చిన కొద్ది వారాలకే ఎడమ తలుపు పట్టేయడం మొదలైంది. వరంగల్ ఆటోనగర్‌లో పాత కార్ల బాడీ పని చేసే మేస్త్రీ, ఆ పక్కన జాకీ పెట్టి లేపగానే తలుపు అంచు సందు పూర్తిగా మూసుకుపోయి తలుపు తెరుచుకోలేదు. తలుపుల కింద ఉండే ఉక్కు పట్టీలైన సిల్లులకు చాలాచోట్ల అయస్కాంతం అంటుకోలేదు. రంగు గీకి చూస్తే, రేకు ఉండవలసిన చోట ఫైబర్ గుడ్డ, దానిమీద మందంగా పూసిన పుట్టీ, లోపల చేత్తో నలిపితే పొడిగా రాలే తుప్పు బయటపడ్డాయి. ఫొటోలు జతచేశాను.

ఇది పైపై లోపమేనని మీ సేల్స్ విభాగం ఫోనులో ఇచ్చిన సమాధానాన్ని నేను అంగీకరించను. అంతకు ముందు మోడల్ ఎంజీఏకు విడి చాసిస్ (కింది చట్రం) ఉండేది. 1962లో వచ్చిన ఎంజీబీకి అది లేదు, బాడీయే బరువు మోస్తుంది, పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ఆ భారం ఎక్కువగా సిల్లుల మీదే పడుతుంది. అవి పుచ్చిపోయిన ఇదే కారులో మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని జాతీయ రహదారి మీద ప్రయాణించానన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. ఈ మోడల్‌కు కొత్త సిల్లులు, మొత్తం బాడీ షెల్ సైతం నేటికీ బ్రిటన్‌లో తయారవుతున్నాయి గనుక, విడిభాగాలు దొరకక పుట్టీ పూశామనే మాట కూడా నిలవదు.

యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే 2021 నాటి కేంద్ర నియమాలు, బాడీ షెల్ అసలు రూపంలో ఉండాలని కోరుతున్నాయి. ఆ రిజిస్ట్రేషన్ కోసమే కొన్నానని మీకు ముందే చెప్పాను.

కాబట్టి కారును వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వండి. లేదా నేను ఎంచుకున్న వర్క్‌షాపులో రెండు వైపులా ఉక్కు సిల్లులు వేయించే ఖర్చంతా, రవాణాతో సహా, మీరే భరించండి. మీ ఇంజినీరు వచ్చి నా ఎదుటే పరిశీలించుకోవచ్చు. అప్పటివరకు గీకిన చోట ఎవరినీ చేయి పెట్టనివ్వను. పదిహేను రోజుల్లో రాతపూర్వక సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హనుమకొండ