జిరాక్స్ అన్నకు, ఇంకా అందరికీ

నిన్న రాత్రి పదకొండు దాటాక కర్నూలు నుంచి ఆదోని చేరాను. జిరాక్స్ మెషిన్ నల్లపొడి రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దినా గోళ్ళ సందుల్లోంచి పోలేదు. పడుకుంటే నిద్ర రాలేదు, కళ్ళు మూసుకుంటే ఆధార్ కార్డులే కనపడుతున్నాయి. సరే, ఎవరెవరికి ఏమేం బాకీ ఉన్నానో ఇప్పుడే రాసేద్దామని కూర్చున్నా. రేపటికి సగం మరిచిపోతాను.

మా పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. కాగితాల మీద దాని పేరు ‘విపత్తులకు స్పందించే, పిల్లలు కేంద్రంగా ఉండే సామాజిక రక్షణ’. నేను దానికి కోఆర్డినేటర్‌ని. ఈ పేరు చెప్తే మా అమ్మే “అదంతా సరే, నువ్వు చేసే పనేందే?” అంటుంది. ఆమెకు చెప్పినట్టే చెప్తా. రేషన్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం, పింఛను, హాస్టలు, ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. కరువో వరదో వచ్చిన నెలలో అవే పథకాలు కొంచెం ముందుగా, కొంచెం ఎక్కువగా, పిల్లలు ఎక్కడుంటే అక్కడికి అందాలి. అందాలంటే ఏ పిల్ల ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో, ఏ కాగితం లేదో ముందే తెలిసుండాలి. నీళ్ళొచ్చాక లిస్టు రాయడం మొదలుపెడితే ఆ లిస్టు పూర్తయ్యేసరికి నీళ్ళు పోయి బురద కూడా ఎండిపోతుంది.

ఆదోని చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపువాళ్ళకు సుగ్గి అంటే, అదే కూలి పనికి ఊరొదిలి వలస పోవడమంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడాది దసరా దాటిందంటే చాలు, గుంటూరు వైపు పత్తికి, ఆ తర్వాత మిరప కోతలకు బండ్లు కదులుతాయి. రాత్రిపూట ఐచర్ బండిలో గిన్నెలు, బియ్యం మూట, రెండు కోళ్ళు, వాటి మధ్య పిల్లలు. కొందరు పిల్లలు అవ్వ దగ్గర ఆగిపోతారు. వెళ్ళినవాళ్ళకు బడి పోతుంది. ఉన్నవాళ్ళకు ఇంకో తిప్పలు. పిల్లల పేర్లు అమ్మానాన్నల రైసు కార్డులో ఉంటాయి, వేలిముద్రలేమో గుంటూరు వెళ్ళిపోయాయి. ఒకే కార్డు మీద కొంత బియ్యం అక్కడ, మిగతాది ఇక్కడ తీసుకోవచ్చని నియమం ఉంది. కానీ ఇక్కడ ముద్ర వేయడానికి ఆ కార్డులో ఉన్నవాళ్ళు ఒకరైనా ఉండాలి కదా. ఐదేళ్ళలోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్రలే తీసుకోరు. అవ్వ కార్డు వేరే.

అందుకే బండ్లు కదలకముందే ఊరూరా తిరిగి ఒక్కో పిల్లకూ ఒక్కో ఫైలు చేశాం. కొందరికి సీజనల్ హాస్టలు, అంటే అమ్మానాన్నలు వలస వెళ్ళిన నెలల్లో పిల్లలుండే హాస్టలు, తండ్రి లేని పిల్లలకూ అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలకూ మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ అడుగుతూ అర్జీ. మొత్తం 286 ఫైళ్ళు. తల్లులు కాగితాలు ట్రంకు పెట్టె అడుగునుంచి, పాత చీర ముక్కలో చుట్టినవి తెచ్చి ఇచ్చారు. ఒకామె ఇచ్చిన పాస్‌బుక్కు మూల ఎలుక కొరికింది, సరిగ్గా అకౌంట్ నంబరు చివరి రెండంకెల దగ్గర. “దానికీ బ్యాంకు పనుండిందేమో లేమ్మా” అని ఆమే నవ్వింది.

పేర్ల గొడవ సరేసరి. ఉరుకుంద ఈరన్న స్వామి పుణ్యమా అని ఆ ఊళ్ళల్లో ఇంటికొక ఈరన్న ఉంటాడు. ఆధార్‌లో ఈరన్న, బడిలో వీరన్న, రైసు కార్డులో వీరేశ్. ముగ్గురూ ఒకే పిల్లోడు. తొమ్మిదేళ్ళవాడు, గోళీలాడుకుంటున్నాడు. వాడు ఒక్కడేనని నిరూపించడానికి మేం నాలుగు రోజులు తిరిగాం.

ఫైళ్ళన్నీ స్కాన్ చేసి, అప్‌లోడ్ చేసి హమ్మయ్య అనుకున్నాం. శుక్రవారం సాయంత్రం ఒక ఆఫీసు నుంచి ఫోన్. “ఆన్‌లైన్‌లో ఉంటే ఉండనీ మేడం, సోమవారం లోపల హార్డ్ కాపీలు కావాలి. మూడు సెట్లు.” ఫైలుకు ఏడు కాగితాలు. మూడు సెట్లంటే ఇరవై ఒకటి. ఆరు వేల పైచిలుకు పేజీలు, చేతిలో రెండున్నర రోజులు.

శనివారం మధ్యాహ్నం రెండు గోతాల్లో ఫైళ్ళు వేసుకుని, నేనూ మా వాలంటీరు అమ్మాయీ ఆదోనిలో దిగాం. ఇంత పని ఇప్పుడు కుదరదని రెండు షాపులవాళ్ళు చెప్పేశారు, వాళ్ళ తప్పేం లేదు. మూడోది బస్టాండు నుంచి కొంచెం లోపలికి, సందులో, ఒక మెషిన్, ఒక లామినేషన్ పెట్టె, ఒక తిరగని ఫ్యాను. అక్కడి అన్న గోతాం మూతి విప్పి చూశాడు. ఎన్ని పేజీలని అడగలేదు, డబ్బెంతిస్తావని అడగలేదు. “అందరూ పిల్లోళ్ళేనా?” అన్నాడు. అవునన్నా. “కూర్చోండమ్మా” అని కౌంటరు మీదున్న సామాను పక్కకు జరిపాడు.

ఆయన పేరు రాయొద్దన్నాడు, రాయను.

ఆ మెషిన్ పాతది. ప్రతి యాభై పేజీలకో కాగితం ఇరుక్కుంటుంది. పక్క తలుపు తెరిచి, పచ్చ పిడి తిప్పి, నలిగిన కాగితాన్ని చివర పట్టుకుని పసిబిడ్డను లేపినట్టు మెల్లగా లాగుతాడు, లోపలికి ఒకసారి ఊదుతాడు, తలుపు మూస్తాడు. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా అదే పని, విసుక్కోవడం నేను చూడలేదు. చీకటి పడేసరికి ఇంటికి ఫోన్ చేసి వాళ్ళావిడను రమ్మన్నాడు. “ఇద్దరు ఆడపిల్లలు రాత్రంతా షాపులో ఉంటారు, నువ్వుంటే వాళ్ళకు ధైర్యం” అని. ఆ మాట నాకు వినపడకూడదని బయటికెళ్ళి మాట్లాడాడు కానీ, సందు చిన్నది.

ఒంటిగంటన్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద లైటు వెలుగుతుంది కానీ మెషిన్ నడవదు. నలుగురం కింద కూర్చుని సెట్లు వరుస పెడుతున్నాం. ఆయన మాత్రం ఒరిజినల్స్‌ను ఒక్కో పిల్లవి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి లేకుండా నొక్కి, పైన మార్కరుతో పేరు రాస్తున్నాడు. ఆ పని నేను చెప్పలేదు. “కవర్లకు ఎంతన్నా?” అంటే తలెత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

2009లో ఆయన కర్నూలు పాతబస్తీలో ఒక జిరాక్స్ షాపులో పనిచేసేవాడట. అక్టోబరు 2, గాంధీ జయంతి, షాపుకు సెలవు. ఆరోజే తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చాయి. లోపల జనం వదిలివెళ్ళిన ఒరిజినల్స్ ఉన్నాయి. సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, ఎవరివో పొలం కాగితాలు. నీళ్ళు తీశాక షట్టరెత్తితే మోకాలి లోతు బురద, మెషిన్ తలకిందులుగా పడి ఉంది. ఓనరూ ఈయనా కాగితాలను బకెట్లలో ఎత్తుకుని మిద్దె మీదికి మోశారు. ఒక్కోటి విడదీసి, కిందొక న్యూస్‌పేపరు పైనొక న్యూస్‌పేపరు పెట్టి ఇస్త్రీ చేశారు. “గట్టిగా అదిమితే అక్షరం న్యూస్‌పేపరుకు అంటుకుంటాది. మెల్లగ చేయాల” అని అరచెయ్యి గాల్లో జరిపి చూపించాడు.

తర్వాత రెండు నెలలపాటు జనం వచ్చి తమవి వెతుక్కుని పోయారట.

“ఒకామె వాళ్ళ పాప పదో తరగతి మెమో కోసం వచ్చింది. దొరికింది. కవర్ మీద పేరుండాది కాబట్టి ఆ పాపదేనని తెల్సు. లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు. తెల్లకాగితం. అదే ఇచ్చినా. ఆయమ్మ అట్లే మడుచుకొని తీస్కపాయ.”

ఆ పాప నేనే అని రాస్తే సినిమా అవుతుంది. నేను కాదు, నేనప్పుడు కడపలో ఇంటర్ చదువుతున్నా, వరద టీవీలో చూశా. కానీ రెండేళ్ళుగా ‘విపత్తు సన్నద్ధత’ అని ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో. పిల్లల కాగితాలు తడవని కవర్లో పెట్టి తల్లి చేతికివ్వాలన్న ముక్క మా ప్లానులో ఎక్కడా లేదు. ఉండాల్సింది.

కరెంటు నాలుగింటికి వచ్చింది. పొద్దున వాళ్ళావిడ ఇంటికెళ్ళి స్టీలు డబ్బాలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చింది. “ఏమ్మా, నిన్నట్నుంచి ఏమన్నా తిన్యావా?” అని అడిగాడాయన. టీలు తాగానన్నా. ఉగ్గాని తినేదాకా ఒక్క కాగితం ముట్టనివ్వలేదు. పన్నెండు రీములు అయిపోయి పదమూడోది విప్పి, ఆదివారం రాత్రి తొమ్మిదికి ఆఖరి ఈరన్నను ముగించాం. బోర్డు మీద పేజీకి రూపాయి అనుంది. అర్ధరూపాయి లెక్కన తీసుకున్నాడు. కవర్లకు ఏమీ తీసుకోలేదు.

సోమవారం సంగతి. ఇది రాయకూడదనుకున్నా, రాయకపోతే ఇవాళ కూడా నిద్ర పట్టదు. గోతాలు మోసుకుని కర్నూలు ఆఫీసు మూడో అంతస్తుకు వెళ్తే, సెక్షన్లో ఉన్నాయన ఒక సెట్టు తీసుకుని మిగతా రెండూ వెనక్కి తోశాడు. “ఒకటి చాలు మేడం, పెట్టుకోవడానికి చోటు లేదు.” నాలుగు వేల పేజీలు ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. ఎవరికైనా రఫ్ పేపర్లుగా ఇద్దామన్నా పిల్లల ఆధార్లు, ఇవ్వడానికి లేదు.

ఎదురుగా ఉన్న ఆ ఒక్క మనిషి మీద కోపం లేదు. ఆయన టేబుల్ మీద ఫైళ్ళ ఎత్తు చూశాను. కానీ పద్ధతి చూడండి. ఖరీఫ్ కరువు ప్రకటన అక్టోబరు నెలాఖరుకు వస్తే సకాలంలో వచ్చినట్టు లెక్క. అప్పటికి మా ఊళ్ళల్లో సగం ఇళ్ళకు తాళాలు. ప్రకటన వచ్చాకే కదా, మొన్నటిదాకా ఉపాధి హామీలో 100 రోజుల మీద ఇంకో 50 రోజులు కలిపింది! పని ఊరికి వచ్చేది, పనిచేసేవాళ్ళు పత్తిచేలో ఉండేవాళ్ళు. కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లోనూ పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఏప్రిల్ రానీ, ఈసారి ఆ తీర్పు కాగితం జిరాక్స్ తీసుకునే వెళ్తా. మూడు సెట్లు.

ఆ ఆఫీసులోనే, సెక్షనాయన టేబుల్ ముందే, కవర్లు ఫైళ్ళతో సరిచూస్తుంటే ఒకటి ఎక్కువొచ్చింది. 286 ఉండాలి, 287 ఉన్నాయి. ఎవరినో రెండుసార్లు లెక్కపెట్టామని గుండె జారింది. తీసి చూస్తే నా ఆధార్ కార్డు. శనివారం నా కార్డే పెట్టి ఒక కాపీ తీసి చూసుకున్నాం, అద్దం మీద మరిచిపోయినట్టున్నా. జిరాక్స్ అన్న దాన్నీ పిల్లలకు చేసినట్టే గాలి లేకుండా నొక్కి, పైన మార్కరుతో ‘మేడం’ అని రాశాడు. ఆయనకు నా పేరు తెలుసు, కార్డు మీదే ఉంది. అయినా మేడం అనే రాశాడు.

ఏడుపు ఆగలేదు. రెండు రోజుల నిద్రలేమి, ఉగ్గాని, ఆ తెల్లకాగితం, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. సెక్షనాయన భయపడిపోయి “అయ్యో మేడం, కావాలంటే మూడు సెట్లూ పెట్టి పోండి” అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఇక మిగతావాళ్ళు. మా ఆయన, అత్తమ్మ, అమ్మ, మీకు ఇక్కడేం చెప్పాలి, ఇంట్లోనే ఉన్నారుగా. పిల్లలిద్దరికీ ఆదివారం సినిమా బాకీ, గుర్తుంది. మా టీం అందరికీ థాంక్స్, ముఖ్యంగా నాతోపాటు రాత్రంతా కూర్చున్న అమ్మాయికి. జ్వరంతో ఉన్నానని నాకు సోమవారం చెప్పింది.

అంగన్‌వాడీ టీచర్లు లేకపోతే ఈ లిస్టే లేదు. ఏ ఇంట్లో ఏ పిల్ల ఉందో మాకు యాప్ చెప్పలేదు, వాళ్ళు చెప్పారు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ తమ్ముడు రాత్రి పదికి ఫోన్ చేసినా ఎత్తాడు. గోతాలు మూడో అంతస్తుకు మోసిన ఆటో అన్న, నీ పేరు అడగనేలేదు, క్షమించు. ఎలుక కొరికిన పాస్‌బుక్కులో ఆ రెండంకెలు వెతికిపెట్టింది ఊళ్ళో బ్యాంకు పనులు చూసే బ్యాంకు మిత్రగారు. కౌతాళం హెడ్‌మాస్టరు గారు, సెలవురోజు బడి తెరిచి స్టడీ సర్టిఫికెట్లు రాసిచ్చారు. అయ్యో, ఆశా అక్కను మరిచిపోయా! పెద్దకడబూరులో మాకు మధ్యాహ్నం అన్నం పెట్టింది ఆమే, మూడుసార్లు.

వదినా, మీ గురించి పైన ‘వాళ్ళావిడ’ అని రాసి వదిలేశాను, ఇప్పుడు చదివితే సిగ్గేసింది. ఆ రాత్రి సెట్లు ఒక్కటి కూడా తారుమారు కాకుండా పేర్చింది మీరే. నేను పేర్చినవాటిలో మూడు తప్పులు దొరికాయి.

ఇంకెవరినైనా వదిలేసుంటే ఫోన్ చేసి తిట్టండి, సాయంత్రం ఐదు తర్వాత. ఈలోపు పడుకుంటా.

అన్నా, మీ స్టీలు డబ్బా నా దగ్గరే ఉంది. మూత మాత్రం కనపడటం లేదు, ఆ గోతాల్లోనే ఎక్కడో ఉంటుంది. బుధవారం తెచ్చిస్తా.