ఆగిన లారీ కంటికి ఆనదు, వెనుక లైట్లు రెండూ వెలిగితే తప్ప

సంపాదకులకు నమస్కారం.

జాతీయ రహదారి పక్కన ఆపిన లారీని కారు వెనుక నుంచి గుద్దిందంటే, వార్తలో దాదాపు ప్రతిసారీ అవే కారణాలు కనిపిస్తాయి: అతివేగం, నిద్రమత్తు. మూడోది ఒకటుంది. డ్రైవర్ మెలకువగానే ఉంటాడు, స్టీరింగు సరిగ్గానే తిప్పుతుంటాడు, ధ్యాస మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. నకిరేకల్ నుంచి సూర్యాపేట దాకా దారిలో ఏం చూశారని అడిగితే రోజూ తిరిగేవాళ్లు చాలామంది చెప్పలేరు. అంతసేపూ బండిని నడిపింది వాళ్లకు తెలియకుండా పనిచేసిన చూపే.

కంటి నుంచి మెదడు వెనుక భాగానికి చేరిన సమాచారం అక్కడి నుంచి రెండు దారులు పడుతుంది. కణతల వైపు వెళ్లేది ఎదురుగా ఉన్నదేమిటో గుర్తిస్తుంది. నడినెత్తి వైపు వెళ్లేది చేతుల్ని, కాళ్లను చూపుతో నడిపిస్తుంది. ఈ పని విభజనను 1992లో గుడేల్, మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. కార్బన్ మోనాక్సైడ్ వల్ల మొదటి దారి దెబ్బతిన్న ఒక మహిళ, ఎదురుగా ఉన్న, కార్డు పట్టేంత సన్నని సందు నిలువుగా ఉందో అడ్డంగా ఉందో చెప్పలేకపోయింది. చేతికి కార్డు ఇస్తే మాత్రం సరైన కోణంలో తిప్పి అందులో వేసేసింది.

స్టీరింగు పని ఎక్కువగా ఈ రెండో దారిదే. మలుపులో డ్రైవర్ చూపు తనంతట తానే రోడ్డు లోపలి అంచు మీదికి పోతుందని 1994లో లాండ్, లీ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. బండికి దగ్గరగా ఉన్న తెల్లగీతను ఓరచూపు పట్టుకుంటుంది. ఆ గీత చెరిగిపోయిన చోట ధ్యాస లేని డ్రైవర్‌కు ఆధారం పోయినట్టే. పక్క నుంచి అడ్డంగా కదిలి వచ్చేదాన్ని కూడా ఓరచూపు బాగానే పసిగడుతుంది.

చిక్కంతా మన లైన్లోనే నిశ్చలంగా ఉన్న వస్తువుతో. అది కంట్లో పక్కకు జరగదు, పెద్దదవుతుందంతే. ఆ పెరుగుదల సెకనుకు డిగ్రీలో ఆరో వంతు దాకా చేరితే గానీ దగ్గరవుతున్నామని మెదడుకు తెలియదు. రెండున్నర మీటర్ల వెడల్పున్న లారీ పగటిపూట, మనం 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే, సుమారు 150 మీటర్ల దూరంలో ఆ హద్దుకు చేరుతుంది. చేతిలో ఐదు సెకన్లు ఉంటాయి, చాలు. రాత్రిపూట రెండు టెయిల్ లైట్ల మధ్య దూరమే లారీ వెడల్పుకు కొలత. ఒకటి మాడిపోతే మిగిలేది పది సెంటీమీటర్ల ఎర్రచుక్క. అదే లెక్కన అది పెరుగుతున్నట్టు తెలిసేసరికి దూరం 30 మీటర్లు, అంటే సెకను పైచిలుకు. అప్పటికి బ్రేకు మీద కాలు కూడా పడదు. పైగా ఒంటి ఎర్రచుక్క ముందు వెళ్తున్న బైకులా కనిపిస్తుంది.

అందుకే రేడియం స్టిక్కరు ఒక మూల అంటించి వదిలేస్తే లాభం లేదు. వెనుక భాగం ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఉండాలి, వారానికోసారి దుమ్ము తుడవాలి. బండి చెడిపోతే ముందు లేబై (రోడ్డు పక్కన బళ్లు ఆపుకునే జాగా) దాకా నెట్టుకుపోయే వీలుందేమో చూడాలి, లేకపోతే నాలుగు ఇండికేటర్లు వేయాలి. త్రికోణపు బోర్డును లారీ వెనకాలే పెట్టడం మనవాళ్లకు అలవాటు. 100 వేగంలో ఉన్న కారు పొడి రోడ్డు మీద ఆగడానికే, డ్రైవర్ స్పందించే సమయంతో కలిపి, 100 మీటర్లు కావాలి. కాబట్టి బోర్డు అంతకన్నా వెనుకే ఉండాలి, వాన పడుతుంటే 150 మీటర్లు. చెట్టుకొమ్మలు, రాళ్లు చీకట్లో మెరవవు. బండి కదిలాక ఆ రాళ్లను తీసేవాళ్లు కూడా తక్కువే!

డ్రైవర్లకు రైల్వే పద్ధతి ఒకటి పనికొస్తుంది. లోకోపైలట్, అసిస్టెంట్ ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. కారులోనూ 'ముందు ఎర్రలైటు, కదులుతోందా?' అని పైకి అనుకుంటే చూసినదాన్ని గుర్తించక తప్పదు. నిద్ర వస్తున్నప్పుడు మాత్రం ఇది పనిచేయదు. కునుకులో చూపు రెండు దారులూ మూసుకుపోతాయి, బండి గీత దాటేస్తుంది. దానికి ఆగి పడుకోవడమే మందు.

టోల్‌గేటు దగ్గర లారీలు ఎలాగూ నెమ్మదిస్తాయి. రాత్రివేళ అక్కడే వెనుక లైట్లు రెండూ వెలుగుతున్నాయో లేదో చూసి, మాడిన బల్బు మార్చాకే పంపే ఏర్పాటు చేయాలని రవాణా శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నేత్రవైద్యుడు, సూర్యాపేట