తీగచుట్టలో దాగేది ఆవేశం కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ విద్యార్థి పేజీలో నిరోధకం, తీగచుట్ట ఉన్న వలయం గురించి పాఠం వచ్చింది. ముప్పై ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి. అందులో రెండు వాక్యాలు చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ‘నిరోధకం కరెంటులో కొంత భాగాన్ని తినేస్తుంది’ అన్నది ఒకటి. ‘తీగచుట్ట ఆవేశాన్ని దాచుకొని, బ్యాటరీ తీసేశాక వదులుతుంది’ అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. నిరోధకానికి ఇటొక అమ్మీటరు, అటొక అమ్మీటరు పెట్టి చూస్తే రెండు ముళ్లూ ఒకే అంకె దగ్గర నిలుస్తాయి. లోపలికి వెళ్లిన ఆవేశమంతా బయటికి వస్తుంది. వేడిగా మారి పోయేది శక్తి మాత్రమే.

రెండోది అంత తేలిగ్గా తెగదు. లెక్క వేసి చూస్తే ఆ పొరపాటే నిజమనిపిస్తుంది. నా తరగతిలో ఒక అమ్మాయి సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. 12 వోల్టుల బ్యాటరీ, వలయం మొత్తానికి 6 ఓమ్‌ల నిరోధం, 3 హెన్రీల తీగచుట్ట తీసుకున్నాం (కరెంటు మారడాన్ని చుట్ట ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలమానం హెన్రీ). స్విచ్ వేసిన క్షణాన కరెంటు సున్నా. 12 వోల్టులూ తీగచుట్ట మీదే ఉంటాయి కనుక కరెంటు సెకనుకు 4 ఆంపియర్ల చొప్పున పెరగడం మొదలవుతుంది. అది 1 ఆంపియర్‌కు చేరేసరికి 6 వోల్టులు నిరోధం మీదికి వెళ్లిపోతాయి, పెరిగే వేగం సగమవుతుంది. 3 హెన్రీలను 6 ఓమ్‌లతో భాగిస్తే వచ్చే అర సెకను ఈ వలయం కాలస్థిరాంకం, అంటే కరెంటు ఎంత త్వరగా తన హద్దును సమీపిస్తుందో చెప్పే కొలత. అర సెకనుకు కరెంటు 1.26 ఆంపియర్లు, 3 సెకన్లకు దాదాపు 2 ఆంపియర్లు, అదే దాని హద్దు.

తీగచుట్ట లేకుంటే ఆ 3 సెకన్లలో 6 కూలుంబుల ఆవేశం ప్రవహించేది. ఉన్నందువల్ల 5 మాత్రమే ప్రవహించింది. ఆ తరువాత బ్యాటరీని తప్పించి, నిరోధం, తీగచుట్ట మాత్రమే మిగిలేలా వలయాన్ని మూశాం. కరెంటు వెంటనే ఆగలేదు, 2 ఆంపియర్ల నుంచి మెల్లగా తగ్గుతూ పోయింది. అలా తగ్గేలోగా ప్రవహించిన ఆవేశం సరిగ్గా 1 కూలుంబు. ‘సార్, అప్పుడు తగ్గిన కూలుంబే ఇప్పుడు వచ్చింది కదా! మరి ఇంతసేపూ చుట్టలో లేకపోతే ఎక్కడుంది?’ అని అడిగింది ఆ అమ్మాయి. ఇన్నేళ్లలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి.

ఆ కూలుంబు ఎక్కడా దాక్కోలేదు. తగ్గిందంటే బ్యాటరీ నుంచి అసలు కదలనే లేదని అర్థం. చుట్ట రెండు కొసల దగ్గరా అమ్మీటర్లు పెట్టాం. కరెంటు పెరిగేటప్పుడూ తగ్గేటప్పుడూ రెండు ముళ్లూ జంటగానే కదిలాయి. వచ్చినంతా అదే క్షణాన పోతుంటే లోపల మిగిలేదేముంటుంది? చివర్లో తిరిగిన కూలుంబు తీగల్లో ముందునుంచీ ఉన్న ఎలక్ట్రాన్లదే. వాటిని నెట్టేందుకు శక్తి ఎక్కడిదన్నదే అడగవలసిన ప్రశ్న.

దానికి జవాబు బ్యాటరీ ఖర్చులో దొరుకుతుంది. 5 కూలుంబులను 12 వోల్టుల మీద పంపడానికి బ్యాటరీ ఇచ్చింది 60 జౌళ్లు. నిరోధంలో వేడిగా మారింది 54. మిగతా 6 జౌళ్లు చుట్ట చుట్టూ, లోపలా అయస్కాంత క్షేత్రంగా నిలిచాయి. బ్యాటరీని తప్పించాక ఆ క్షేత్రం తగ్గుతూ కరెంటును నడిపింది. ఆ 6 జౌళ్లూ నిరోధంలో వేడి అయ్యేదాకా నడిపింది.

ఈ సంగతి కంటికి కనిపించాలంటే, 60 వోల్టులు దాటనిదే వెలగని చిన్న నియాన్ దీపాన్ని చుట్ట కొసలకు కలిపి, 6 వోల్టుల బ్యాటరీతో నడుస్తున్న వలయాన్ని చటుక్కున తెంచాలి. దీపం ఎర్రగా ఒక్కసారి మెరుస్తుంది. బ్యాటరీ ఇవ్వలేని వోల్టేజి అది. పొడవైన తీగ వలయాన్ని తెంచినప్పుడు పుట్టే నిప్పురవ్వను గమనించి అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1832లో రాసింది ఈ స్వయంప్రేరణ గురించే, అంటే తనలోని కరెంటు మారినప్పుడు తీగలోనే వోల్టేజి పుట్టడం గురించే. ఇది చేసి చూపినప్పుడు వెనుక బల్లల పిల్లలు కూడా లేచి ముందుకొస్తారు.

‘నిల్వ’ అన్న ఒక్క మాటే ఈ చిక్కుకు మూలమని నా అనుమానం. కెపాసిటర్‌లోనూ నిల్వ అంటాం, చుట్టలోనూ నిల్వ అంటాం. కెపాసిటర్ పలకల మీద ధన, రుణ ఆవేశాలు వేరువేరుగా నిలుస్తాయి. చుట్టలో అలా నిలిచే ఆవేశమేదీ లేదు. అందుకే ఆ మాట రాసిన ప్రతిచోటా దేని నిల్వో చెప్పి తీరాలి.

సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. కరెంటు పెరిగే గీత, తగ్గే గీత పక్కపక్కన గీయించి, మొదటి గీతకు పైన 2 ఆంపియర్ల హద్దు వరకు ఉన్న ఖాళీకీ, రెండో గీత కింది భాగానికీ ఒకే రంగు వేయించండి. రెండు వైశాల్యాలూ ఒక్కొక్క కూలుంబే. పాఠం వచ్చిన పేజీలోనే, అంతే పరిమాణంలో వేయండి. ఆ పాఠం చదివిన పిల్లలు మళ్లీ చూసేది ఆ పేజీనే.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు